యూనిట్ – 11 : పాత వాహనాల తుక్కు ప్రోత్సాహకాలు – కొనుగోలుదారులపై ప్రభావం

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 విషయ పరిచయం
11.2 తుక్కు విధానం : ముఖ్యాంశాలు
11.3 పదిహేనేళ్లు దాటిన బండి చెల్లదా?
11.4 అమ్మాలా, తుక్కుకు ఇవ్వాలా? : ఒక లెక్క
11.5 రాయితీ ఎవరికి చేరుతుంది?
11.6 పాత బండి కొనేవారి సంగతి
11.7 ఇతర దేశాల అనుభవం
11.8 కొనుగోలుదారు తీసుకోవలసిన జాగ్రత్తలు
11.9 సారాంశం
11.10 ముఖ్య పదాలు
11.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• భారతదేశంలో అమలులో ఉన్న వాహన తుక్కు విధానంలోని ప్రధాన అంశాలను వివరించగలుగుతారు.
• పాత వాహనాన్ని అమ్మడం, తుక్కుకు ఇవ్వడం అనే రెండు మార్గాలను లెక్క వేసి పోల్చగలుగుతారు.
• రాయితీ ప్రయోజనం ఎవరికి చేరుతుందో, ఎవరికి చేరదో విశ్లేషించగలుగుతారు.
• ఇతర దేశాల అనుభవం ఆధారంగా ఇటువంటి పథకాల ఫలితాలను అంచనా వేయగలుగుతారు.

11.1 విషయ పరిచయం

గత యూనిట్‌లో పన్నులు, సబ్సిడీలు వస్తువు ధరను ఎలా మారుస్తాయో తెలుసుకొన్నారు. ఆ సూత్రాలను ఈ యూనిట్‌లో మనకు బాగా పరిచయమున్న ఒక వస్తువుకు, అంటే పాత కారుకు, అన్వయించి చూద్దాం.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారిలో ఒక గంట నిలబడి వచ్చేపోయే బండ్ల నంబర్లు గమనించండి. ఏపీ 39 నంబర్లతో పాటు ఏపీ 21 నంబర్లు కూడా కనిపిస్తాయి. ఏపీ 21 అనేది ఉమ్మడి కర్నూలు జిల్లా కోడ్. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. కనుక ఏపీ 21 నంబరు ఉన్న బండి అంతకు ముందే రిజిస్టర్ అయినదని అర్థం. నంద్యాల 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయినప్పటికీ ఆ బండ్ల నంబర్లు మారలేదు. వీటిలో కొన్ని ఇప్పటికే పదిహేనేళ్లు దాటాయి, మరికొన్ని ఆ వయసుకు దగ్గరపడుతున్నాయి.

ఈ బండి యజమానులకు ఇప్పుడు రెండు వైపుల నుంచి మాటలు వినిపిస్తున్నాయి. "పాత బండి తుక్కుకు ఇస్తే కొత్త బండిపై రాయితీ" అన్నది ఒకటి. "ఇక ఈ బండి చెల్లదు, వచ్చిన ధరకు ఇచ్చేయండి" అన్నది రెండోది. మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండో మాట చాలా సందర్భాలలో తప్పు. ఈ తేడా తెలియని కుటుంబం వేల రూపాయలు నష్టపోవచ్చు. అందుచేత ఈ యూనిట్‌లో పథకం వివరాలతో పాటు, లెక్క వేసుకొనే పద్ధతిని కూడా నేర్చుకొందాం.

11.2 తుక్కు విధానం : ముఖ్యాంశాలు

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2021 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో స్వచ్ఛంద వాహన తుక్కు విధానాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం మార్చిలో రవాణా మంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటులో దాని వివరాలు వెల్లడించారు. ఆగస్టు 13న ప్రధాని నరేంద్ర మోదీ విధానాన్ని ప్రారంభించారు. పేరులో ఉన్న 'స్వచ్ఛంద' అనే మాటను గుర్తుంచుకోండి. సొంత బండిని తుక్కుకు ఇవ్వాలా వద్దా అన్నది యజమాని ఇష్టం.

ఈ విధానం రెండు రకాల సాధనాలతో పనిచేస్తుంది. ఒకటి ప్రోత్సాహకం, రెండు నిరుత్సాహకం.

(అ) ప్రోత్సాహకాలు

1. తుక్కు విలువ : నమోదైన తుక్కు కేంద్రం పాత బండికి చెల్లించే ధర. కొత్త బండి షోరూము ధరలో ఇది 4 నుంచి 6 శాతం వరకు ఉండవచ్చని విధాన ప్రకటనలో సూచించారు. నిజానికి ఇది ఇనుము ధరను బట్టి, బండి బరువును బట్టి మారుతుంది.

2. పన్ను రాయితీ : డిపాజిట్ సర్టిఫికెట్ చూపి కొత్త బండి కొంటే మోటారు వాహన పన్నులో సొంత వాహనాలకు 25 శాతం వరకు, రవాణా వాహనాలకు 15 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చు. ఈ నియమం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 'వరకు' అన్న మాట ఇక్కడ ముఖ్యం. కేంద్రం నిర్ణయించింది గరిష్ఠ పరిమితి మాత్రమే. వాహన పన్ను రాష్ట్రానికి చెందినది కాబట్టి అసలు రేటును రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వు ద్వారా నిర్ణయిస్తుంది.

3. రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ : డిపాజిట్ సర్టిఫికెట్ ఉన్నవారికి కొత్త బండి రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు. సొంత కారుకు ఈ రుసుము 600 రూపాయలు.

4. తయారీదారు తగ్గింపు : బండ్ల కంపెనీలు 5 శాతం తగ్గింపు ఇవ్వాలని కేంద్రం సూచించింది. ఇది సూచనే తప్ప నిర్బంధం కాదు. 2024 పండుగల సీజనుకు ముందు కార్ల కంపెనీలు పరిమిత కాలానికి ప్రకటించిన తగ్గింపు షోరూము ధరలో 1.5 శాతం లేదా 20,000 రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది.

(ఆ) నిరుత్సాహకాలు

పాత బండిని కొనసాగించే ఖర్చును పెంచడం రెండో సాధనం. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు, మోటారు సైకిల్ రుసుము 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు మరింత పెంచారు. వాటికి కారుకు 10,000, మోటారు సైకిల్‌కు 2,000 రూపాయలు చెల్లించాలి.

ప్రభుత్వ వాహనాలకు మాత్రం ఇష్టాయిష్టాలు లేవు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(i) పన్ను రాయితీ రేటును చివరగా నిర్ణయించేది ఎవరు?
(ii) ప్రోత్సాహకానికి, నిరుత్సాహకానికి ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.

11.3 పదిహేనేళ్లు దాటిన బండి చెల్లదా?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి, రుసుము కట్టి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. బండి తనిఖీలో నెగ్గినంత కాలం వయసు ఒక్కటే దానిని రోడ్డు మీద నుంచి తొలగించదు. గడువు దాటిన తరువాత పునరుద్ధరణ లేకుండా నడపడం మాత్రం నేరం. ఆలస్యమయ్యే కొద్దీ అదనపు రుసుము కూడా పడుతుంది.

టాక్సీలు, లారీలు, ఆటోల వంటి రవాణా వాహనాల పద్ధతి వేరు. వాటికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా ఎఫ్‌సీ, అంటే సామర్థ్య ధ్రువపత్రం, తీసుకోవాలి.

మరి "చెల్లదు" అన్న మాట ఎక్కడ నుంచి వచ్చింది? ఢిల్లీ నుంచి వచ్చింది. జాతీయ రాజధాని ప్రాంతంలో గాలి కాలుష్యం కారణంగా పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు విధించింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఆదేశించింది. ఆ ఆదేశాలు ఆ ప్రాంతానికి సంబంధించినవి. వాటిని నంద్యాల బండికి వర్తింపజేసి చెప్పడం పొరపాటు. ఈ పొరపాటు వల్ల లాభపడేది తక్కువ ధరకు బండి కొనే మధ్యవర్తి, నష్టపోయేది యజమాని. సమాచారం ఒకరి దగ్గర ఎక్కువగా, మరొకరి దగ్గర తక్కువగా ఉన్నప్పుడు బేరం ఎటు మొగ్గుతుందో ఈ ఉదాహరణ తెలియజేస్తుంది. అర్థశాస్త్రంలో దీనిని సమాచార అసమానత అంటారు.

11.4 అమ్మాలా, తుక్కుకు ఇవ్వాలా? : ఒక లెక్క

నంద్యాలలో ఒక ఉపాధ్యాయుని దగ్గర పదిహేనేళ్లు నిండిన చిన్న కారు ఉన్నదనుకుందాం. ఆయన 6,00,000 రూపాయల కొత్త కారు కొనాలనుకొంటున్నారు. పాత కారుకు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో 50,000 రూపాయలు వస్తాయి. జీవితకాల పన్ను రేటు 14 శాతం అనుకుందాం. అంటే కొత్త కారుపై పన్ను 84,000 రూపాయలు. కింది అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి తీసుకొన్నవే.

తుక్కుకు ఇస్తే వచ్చేది:
తుక్కు విలువ (4 శాతం) : రూ. 24,000
పన్ను రాయితీ (84,000లో 25 శాతం) : రూ. 21,000
రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ : రూ. 600
తయారీదారు తగ్గింపు (1.5 శాతం) : రూ. 9,000
మొత్తం : రూ. 54,600

మార్కెట్ ధర 50,000 కాబట్టి తుక్కుకు ఇస్తే 4,600 రూపాయలు లాభం. అయితే ఈ లెక్కలో ఒక్కొక్క అంకెను మార్చి చూడండి.

మొదటి మార్పు : రాష్ట్రం ఇచ్చే రాయితీ 25 శాతం కాక 10 శాతమే అనుకుందాం. అప్పుడు పన్ను రాయితీ 8,400 రూపాయలు, మొత్తం 42,000 రూపాయలు. ఇప్పుడు అమ్మడమే 8,000 రూపాయలు మేలు.

రెండో మార్పు : రాయితీ 25 శాతమే, కాని నమోదైన తుక్కు కేంద్రం దూరంగా ఉంది. బండిని అక్కడికి చేర్చడానికి యజమానికి 5,000 రూపాయలు ఖర్చయింది. చేతికి మిగిలేది 49,600 రూపాయలు. అమ్మడానికి, ఇవ్వడానికి తేడా దాదాపు లేదు.

మూడో మార్పు : షోరూములో పాత బండి మార్పిడికి ఎక్స్ఛేంజ్ బోనస్ ఇస్తున్నారు. 2024లో కంపెనీలు ప్రకటించిన తగ్గింపులో ఎక్స్ఛేంజ్ బోనస్, తుక్కు తగ్గింపు రెండూ కలిపి వర్తించవు. తుక్కుకు ఇస్తే ఎక్స్ఛేంజ్ బోనస్‌ను వదులుకోవాలి. ఆ బోనస్ 15,000 అయితే అమ్మకం వైపు లెక్క 65,000 అవుతుంది.

ఒక మార్గాన్ని ఎంచుకొన్నప్పుడు వదులుకొన్న రెండో మార్గం విలువను అవకాశ వ్యయం అంటారని మీకు తెలుసు. తుక్కుకు ఇచ్చే బండి అవకాశ వ్యయం దాని మార్కెట్ ధర. దీనిని ఇలా సూత్రీకరించవచ్చు:

తుక్కు విలువ + ప్రోత్సాహకాలు – తరలింపు ఖర్చు > మార్కెట్ ధర + ఎక్స్ఛేంజ్ బోనస్ అయినప్పుడు మాత్రమే బండిని తుక్కుకు ఇవ్వడం లాభకరం.

ఈ సూత్రం నుంచి ఒక ముఖ్యమైన ఫలితం వస్తుంది. నడుస్తున్న బండికి మార్కెట్ ధర ఎక్కువ కాబట్టి యజమాని దానిని తుక్కుకు ఇవ్వడు. మూలన పడిన బండికి ధర లేదు కాబట్టి ఇస్తాడు. కాని మూలన పడిన బండి పొగ వదలదు. కాలుష్యం ఎక్కువగా వచ్చేది రోజూ తిరిగే పాత బండి నుంచే. అందువల్ల పథకం తొలగించాలనుకొన్న బండి, నిజంగా తుక్కుకు వచ్చే బండి ఒకటి కాకపోవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
పై ఉదాహరణలో పాత కారు మార్కెట్ ధర 35,000 రూపాయలు, రాష్ట్ర రాయితీ 10 శాతం, తరలింపు ఖర్చు 5,000 రూపాయలు, ఎక్స్ఛేంజ్ బోనస్ లేదు అనుకొంటే ఏ మార్గం మేలు? ఎంత మేలు?

11.5 రాయితీ ఎవరికి చేరుతుంది?

ప్రభుత్వం కొనుగోలుదారు పేరున ఇచ్చిన రాయితీ మొత్తం కొనుగోలుదారు జేబులోకే చేరుతుందని చెప్పలేం. రాయితీ వల్ల డిమాండ్ పెరిగితే డీలరు తాను మామూలుగా ఇచ్చే తగ్గింపును కుదించుకోవచ్చు. ఉచితంగా ఇచ్చే విడిభాగాలను ఆపవచ్చు. కొనడానికి ఎలాగూ సిద్ధపడిన వ్యక్తితో బేరంలో డీలరుకు పట్టు ఎక్కువ. 

దీనిని 2025లో జరిగిన వస్తు సేవల పన్ను తగ్గింపుతో పోల్చండి. ఆ సంవత్సరం సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై పన్ను రేటు 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఈ తగ్గింపు పొందడానికి పాత బండి ఉండనవసరం లేదు. మొదటిసారి కారు కొనే కుటుంబానికి కూడా వర్తిస్తుంది. తుక్కు రాయితీ అలా కాదు. దానిని పూర్తిగా పొందడానికి ఇంట్లో పాత బండి ఉండాలి, చేతిలో కొత్త బండికి సరిపడే డబ్బు లేదా అప్పు పుట్టే ఆధారం కూడా ఉండాలి. ఈ రెండూ ఉన్న కుటుంబాలు సమాజంలో కొంత పైస్థాయిలోనివే.

డిపాజిట్ సర్టిఫికెట్‌ను మరొకరికి అమ్ముకొనే వీలు నియమాలలో ఉంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో అది చేతులు మారవచ్చు. కొత్త బండి కొనలేని యజమానికి దీనివల్ల కొంత సొమ్ము దక్కుతుంది. అయితే కొనే వ్యక్తి తనకు వచ్చే రాయితీ కంటే తక్కువకే సర్టిఫికెట్‌ను కొంటాడు. అంటే రాయితీలో కొంత భాగం మళ్లీ కొత్త బండి కొనేవారికే వెళ్తుంది.

11.6 పాత బండి కొనేవారి సంగతి

ఆళ్లగడ్డ శిల్పకళకు పేరు పొందిన ఊరు. అక్కడ చెక్కిన రాతి విగ్రహాలు దూర ప్రాంతాల గుడులకు వెళ్తాయి. దగ్గరలోని అహోబిలానికి యాత్రికులు వస్తారు. విగ్రహాలు మోసే చిన్న లారీ, యాత్రికులను చేర్చే జీపు నడిపే వ్యక్తి మొదటి బండిని కొత్తగా కొనడం అరుదు. లక్షా, లక్షన్నరకు దొరికే పాత బండితో వృత్తి మొదలుపెడతాడు. ఇటువంటి కొనుగోలుదారుపై తుక్కు విధానం ప్రభావం ఎలా ఉంటుందో మూడు దశలలో చూద్దాం.

మొదటి దశ : పాత బండ్లు కొన్ని తుక్కుకు వెళ్తాయి. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో సప్లయ్ తగ్గుతుంది. డిమాండ్ అలాగే ఉంటే మిగిలిన బండ్ల ధర పెరుగుతుంది. ఈ పెరుగుదలను భరించేది కొత్త బండి కొనలేనివాడు. అతనికి ఏ రాయితీ లేదు.

రెండో దశ : పునరుద్ధరణ రుసుము 5,000 అయిందంటే, పదిహేనేళ్లకు చేరువైన కారును కొనేవాడు ఆ మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి అడుగుతాడు. కనుక రుసుము భారాన్ని కాగితం మీద చెల్లించేది కొత్త యజమానే అయినా, అందులో కొంత భాగం అమ్మేవాడి మీద పడుతుంది.

మూడో దశ : ఎఫ్‌సీ తనిఖీ గట్టిగా జరిగితే బ్రేకులు, స్టీరింగ్ సరిగా లేని బండ్లు మార్కెట్ నుంచి తొలగిపోతాయి. మిగిలిన బండ్లపై నమ్మకం పెరుగుతుంది. బండి లోపం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని పరిస్థితి కొంత తగ్గుతుంది. ఇది పాత బండి కొనేవాడికి నిజమైన లాభం. రోడ్డు మీద నడిచే ప్రతి ఒక్కరికీ కూడా లాభమే.

కాబట్టి పాత బండి కొనేవాడికి ఈ విధానం పూర్తిగా నష్టమని గానీ, పూర్తిగా లాభమని గానీ అనలేం. ధర పెరుగుదల అతనికి నష్టం, నాణ్యత పెరుగుదల అతనికి లాభం. తనిఖీ నామమాత్రంగా జరిగితే నష్టం మాత్రమే మిగులుతుంది.

11.7 ఇతర దేశాల అనుభవం

2009 ఆర్థిక మాంద్యంలో కార్ల పరిశ్రమను ఆదుకోవడానికి అనేక దేశాలు ఇటువంటి పథకాలు పెట్టాయి. రెండింటిని పరిశీలిద్దాం.

జర్మనీ : తొమ్మిదేళ్లు దాటిన కారును తుక్కుకు ఇచ్చి కొత్తది కొంటే 2,500 యూరోలు ఇచ్చారు. మొదట 150 కోట్ల యూరోలు కేటాయించి, తరువాత 500 కోట్లకు పెంచారు. దాదాపు 20 లక్షల మంది ఉపయోగించుకొన్నారు. 2009లో 38 లక్షలు దాటిన కొత్త కార్ల రిజిస్ట్రేషన్లు, పథకం ముగిసిన మరుసటి ఏడాది 29 లక్షలకు పడిపోయాయి.

అమెరికా : 2009 జూలై, ఆగస్టు నెలలలో పాత బండికి 3,500 లేదా 4,500 డాలర్ల రాయితీ ఇచ్చారు. దాదాపు 300 కోట్ల డాలర్లు ఖర్చయింది. సుమారు 6.8 లక్షల బండ్లు మారాయి. పాత ఇంజన్లు తిరిగి వాడకుండా వాటిలో సోడియం సిలికేట్ ద్రావణం పోసి పాడుచేశారు. ఆతిఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఆర్థికవేత్తల అధ్యయనం ప్రకారం, పథకం వల్ల ఆ రెండు నెలల్లో సుమారు 3.7 లక్షల కార్లు అదనంగా అమ్ముడుపోయాయి. కాని తరువాతి నెలలలో అమ్మకాలు దాదాపు అంతే మేరకు తగ్గాయి. అంటే రేపటి కొనుగోలు ఇవాళ్టికి జరిగింది. మరొక అధ్యయనంలో హోక్స్ట్రా, పుల్లర్, వెస్ట్ అనే పరిశోధకులు ఇంకో విషయం గమనించారు. తక్కువ ఇంధనంతో నడిచే బండే కొనాలన్న షరతు వల్ల ప్రజలు చిన్న, చవక కార్ల వైపు మళ్లారు. పరిశ్రమకు వచ్చిన మొత్తం ఆదాయం పెరగకపోగా తగ్గింది.

ఈ రెండు అనుభవాల నుంచి మనం గ్రహించవలసింది ఏమిటి? గడువుతో కూడిన రాయితీ కొనుగోలు సమయాన్ని మారుస్తుంది. కొనుగోళ్ల సంఖ్యను దీర్ఘకాలంలో పెంచుతుందని మాత్రం చెప్పలేం. కొనుగోలుదారు వైపు నుంచి చూస్తే, "ఈ నెలాఖరుకే ఆఫర్" అన్న తొందరలో అవసరం లేని అప్పు చేసే ప్రమాదం ఉంది. 54,600 రూపాయల లాభం కోసం 6,00,000 రూపాయల ఖర్చును రెండేళ్లు ముందుకు తెచ్చుకొంటే, ఆ రెండేళ్ల వడ్డీ ఎంతో కూడా లెక్కలోకి రావాలి.

11.8 కొనుగోలుదారు తీసుకోవలసిన జాగ్రత్తలు

1. బండి నంబరును బట్టి వయసు అంచనా వేయకండి. ఆర్‌సీ మీద ఉన్న రిజిస్ట్రేషన్ తేదీ చూడండి.

2. రాయితీ రేటును షోరూము మాట మీద నమ్మకుండా రవాణా శాఖ కార్యాలయంలో గానీ, శాఖ వెబ్‌సైటులో గానీ నిర్ధారించుకోండి.

3. బండిని పాత ఇనుము కొట్టుకు అమ్మితే డిపాజిట్ సర్టిఫికెట్ రాదు. అంతకంటే ముఖ్యంగా, ఆర్‌సీ రద్దు చేయించకపోతే ఆ బండి మీ పేరు మీదే ఉంటుంది. దాని నంబరుతో గానీ, ఛాసిస్‌తో గానీ ఏదైనా తప్పు జరిగితే పోలీసులు మొదట మీ ఇంటికే వస్తారు. నమోదైన కేంద్రంలో ఇచ్చి, బండి ముక్కలైన తరువాత ఇచ్చే తుక్కు సర్టిఫికెట్ కూడా తీసుకోండి.

4. బండి మీద అప్పు ఉంటే ముందుగా దానిని తీర్చి, ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ తీయించుకోండి.

5. డిపాజిట్ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది. దాని మీది తేదీ చూసుకోండి.

6. తక్కువ ధరకు వస్తున్న ఢిల్లీ నంబరు బండి కొనేముందు, అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం ఉందో లేదో చూడండి. ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పుకు కట్టవలసిన పన్నును కూడా బండి ధరలో కలిపి లెక్క వేయండి.

11.9 సారాంశం

పాత బండ్లను తొలగించడానికి ప్రభుత్వం ప్రోత్సాహకాలను, నిరుత్సాహకాలను కలిపి వాడుతోంది. సొంత వాహనాల విషయంలో ఇది స్వచ్ఛందం. తనిఖీలో నెగ్గిన బండిని పదిహేనేళ్ల తరువాత కూడా నడుపుకోవచ్చు. తుక్కుకు ఇవ్వడం లాభమా కాదా అన్నది బండి మార్కెట్ ధర, రాష్ట్ర రాయితీ రేటు, తరలింపు ఖర్చు, ఎక్స్ఛేంజ్ బోనస్‌లపై ఆధారపడి ఉంటుంది. రాయితీ ఎక్కువగా కొత్త బండి కొనగలిగినవారికి చేరుతుంది. ధర పెరుగుదల భారం పాత బండి కొనేవారిపై పడుతుంది. తనిఖీ నిజాయితీగా జరిగినప్పుడు వారికి కూడా నాణ్యత రూపంలో ప్రయోజనం ఉంటుంది.

11.10 ముఖ్య పదాలు

డిపాజిట్ సర్టిఫికెట్ : బండిని నమోదైన తుక్కు కేంద్రానికి అప్పగించినందుకు ఇచ్చే పత్రం. రాయితీలకు ఇదే ఆధారం.
అవకాశ వ్యయం : ఒక మార్గం ఎంచుకొన్నప్పుడు వదులుకొన్న ఉత్తమ ప్రత్యామ్నాయం విలువ.
సమాచార అసమానత : బేరంలో ఒక పక్షానికి రెండో పక్షం కంటే ఎక్కువ విషయం తెలిసి ఉండటం.
జీవితకాల పన్ను : సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ సమయంలో ఒకేసారి చెల్లించే పన్ను.

మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
1. (i) రాష్ట్ర ప్రభుత్వం. (ii) ప్రోత్సాహకం : పన్ను రాయితీ. నిరుత్సాహకం : పునరుద్ధరణ రుసుము పెంపు.
2. తుక్కుకు ఇస్తే 42,000 – 5,000 = 37,000 రూపాయలు. అమ్మితే 35,000. కనుక తుక్కుకు ఇవ్వడం 2,000 రూపాయలు మేలు.

11.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వాహన తుక్కు విధానంలోని ప్రోత్సాహకాలు, నిరుత్సాహకాలను వివరించి, అవి కొనుగోలుదారు నిర్ణయాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో చర్చించండి.
2. తుక్కు రాయితీల వల్ల కొత్త బండి కొనేవారికి, పాత బండి కొనేవారికి కలిగే ఫలితాలను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జర్మనీ, అమెరికా పథకాల నుంచి నేర్చుకోవలసిన పాఠాలు ఏమిటి?
2. పాత ఇనుము కొట్టుకు బండి అమ్మడంలో ఉన్న నష్టాలు ఏమిటి?

III. కృత్యం
మీ ఇంట్లో గానీ, ఇరుగుపొరుగున గానీ ఉన్న ఒక పాత బండి ఆర్‌సీ తీసుకొని రిజిస్ట్రేషన్ తేదీ చూడండి. ఇద్దరు సెకండ్ హ్యాండ్ వ్యాపారులను దాని ధర అడగండి. 11.4లోని సూత్రం ప్రకారం లెక్క వేసి, మీరు ఆ యజమానికి ఏ సలహా ఇస్తారో ఒక పేజీలో రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.